ఫైలు వెళ్తుంది, సంగతి వెళ్లదు

పోయిన ఆదివారం హైదరాబాద్ నుంచి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తయింది, అమీర్‌పేటలో క్యాడ్ కోర్సుకు ఫీజు కట్టబోతున్నాడు. ‘‘పిన్నీ, బాబాయిని ఒక్క మాట అడిగి చెప్పవా? ఇప్పుడు కాటియా నేర్చుకుంటే ఉపయోగం ఉంటుందా? ఆ బొమ్మలన్నీ ఏఐ గీసేస్తోందట కదా’’ అన్నాడు.

వాళ్ల బాబాయి పక్కనే ఉన్నారు గానీ వెంటనే జవాబు చెప్పలేదు. పదమూడేళ్లుగా డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల విడిభాగాల కంపెనీల్లో డిజైన్ పని చేస్తున్న మనిషి. ఇప్పుడు ఆయన చేస్తున్న ప్రాజెక్టును వేరే దేశంలోని టీముకు ఇచ్చేస్తున్నారు. రెండు వారాల్లో ఫైళ్లన్నీ అప్పగించమన్నారు. ఆ తర్వాత కాంట్రాక్టు ఉంటుందో లేదో తెలియదు. హెచ్‌-1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల గడువు. అదేమిటో ఇది చదివేవాళ్లకు నేను వివరించక్కర్లేదు.

నేను ఇంజనీరును కాను. తెనాలిలో ఎంపీసీతో బీఎస్సీ చదివాను. పెళ్లయ్యాక ఇక్కడికొచ్చి ఇల్లు, ఇద్దరు పిల్లల్ని చూసుకుంటున్నాను. కోవిడ్ రోజుల్లో ఆయన ఆఫీసు మా డైనింగ్ టేబుల్ మీదికి వచ్చి అక్కడే ఉండిపోయింది. తాలింపు వేస్తూ విన్న మీటింగులన్నీ లెక్కేస్తే నాకు ఇంకో డిగ్రీ ఇవ్వొచ్చు. అలా విని, తర్వాత ఆయన్ని కూర్చోబెట్టి అడిగి తెలుసుకున్నదే ఈ వ్యాసం.

ముందు ఒక జాకెట్టు సంగతి చెప్పాలి. బాబు పుట్టాక ఒళ్లు చేశానని ఒక జాకెట్టుకు కుడి పక్క కుట్లు విప్పి వదులు చేసుకున్నాను. ఎడమ పక్క విప్పడానికి లోపల గుడ్డ లేదు. తర్వాత మరిచిపోయి అదే జాకెట్టును ఆదికి ఊరు పంపాను. మా టైలర్ గారు మంచి పనిమంతుడు. ఆరు కొత్త జాకెట్లనూ కుడి పక్క వదులుగా, ఎడమ పక్క బిగుతుగా, అచ్చు గుద్దినట్టు కుట్టి పంపారు. ఆయన తప్పేమీ లేదు. ఆది జాకెట్టు ఆకారం చూపిస్తుంది, అలా ఎందుకుందో చెప్పదు. క్యాడ్ ఫైళ్లు కూడా చాలావరకు ఆది జాకెట్లే.

మా వారు చెప్పిన ఉదాహరణ ఒకటి. కారు లోపల ఒక రేకు బ్రాకెట్. దానికి రెండు రంధ్రాలు, ఒకటి గుండ్రంగా, రెండోది కోలగా. అది బిగించే చోట రెండు పిన్నులు. గుండ్రటి రంధ్రం మొదటి పిన్ను మీద కూర్చుని బ్రాకెట్ ఎక్కడుండాలో ఖాయం చేస్తుంది. కోల రంధ్రం రెండో పిన్ను మీద కూర్చుని బ్రాకెట్ పక్కకు తిరగకుండా ఆపుతుంది, అంతే. ఫ్యాక్టరీలో తయారయ్యే ఏ రెండు ముక్కల్లోనూ రంధ్రాల మధ్య దూరం వెంట్రుకవాసి తేడా లేకుండా రాదు. ఆ తేడాను కోల రంధ్రం మింగేస్తుంది. ఈ సంగతి తెలియనివాళ్లకు ‘రెండూ గుండ్రంగా చేస్తే ఒకే పనిముట్టుతో అయిపోతుంది కదా’ అనిపించడం సహజం. కొన్నేళ్ల కిందట ఆయన పనిచేసిన ఒకచోట అలాగే మార్చేశారు. స్క్రీన్ మీద చక్కగా అమరింది. స్క్రీన్ మీద ప్రతి కొలతా సరిగ్గా ఉంటుంది మరి. అసెంబ్లీ లైను మీదికి వచ్చాక కొన్ని బ్రాకెట్లు పిన్నుల మీదికి ఎక్కలేదు. సుత్తితో కొట్టి ఎక్కించారట.

ఆ కోల రంధ్రాన్ని గీసిన సాఫ్ట్‌వేర్‌లో అది ‘స్లాట్’ అనీ, ఏ అంచు నుంచి ఎంత దూరంలో ఉండాలనీ వరుసగా నమోదై ఉంటుంది. ఒక కొలత మారిస్తే దాని మీద ఆధారపడ్డవన్నీ వాటంతటవే మారతాయి. 1980ల చివర్లో ప్రో-ఇంజనీర్ ఈ పద్ధతిని అందరికీ అలవాటు చేసింది. అదే ఫైలును ఇంకో కంపెనీ సాఫ్ట్‌వేర్ కోసం స్టెప్ ఫార్మాట్‌లోకి మార్చి పంపితే మామూలుగా ఆ వరుసంతా పోతుంది. మిగిలేది రెండు సగం గొట్టాలు, రెండు చదును గోడలు. ఇంజనీర్లు దీన్ని ‘డంబ్ సాలిడ్’ అంటారు. మూగ ముద్ద అన్నమాట.

కొలతలదీ ఇదే కథ. ‘ఈ రంధ్రం వ్యాసం 10 మి.మీ., అటూ ఇటూ 0.05 వరకు ఫర్వాలేదు’ అన్న మాటను త్రీడీ మోడల్ మీద రెండు రకాలుగా పెట్టొచ్చు. ఒకటి, ఉత్త అక్షరాల బొమ్మగా. మనిషి కంటికి అది చదువు, యంత్రానికి కొన్ని గీతలు. రెండోది, ఆ రంధ్రానికే ముడివేసిన సమాచారంగా: ఇది వ్యాసం, విలువ ఇంత, యూనిట్ ఇది, హద్దులు ఇవి, ఫలానా తలం నుంచి కొలవాలి. ఈ రెండో రకాన్నే సెమాంటిక్ మోడలింగ్ అంటున్నారు. గీతకు అర్థం జోడించడం. అప్పుడు తనిఖీ యంత్రం ఆ మోడల్‌ను నేరుగా చదువుకుని ఎక్కడ కొలవాలో తెలుసుకోగలదు. కాగితం డ్రాయింగు బదులు త్రీడీ మోడల్‌నే ఆధారంగా తీసుకోవడానికి ఏఎస్‌ఎంఈ సంస్థ 2003లోనే వై14.41 పేరుతో నియమాలు పెట్టింది. ఈ అర్థాన్ని ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి చేరవేసేందుకు ఐఎస్‌ఓ 10303లో ఏపీ242 భాగం 2014లో వచ్చింది. పదేళ్లు దాటింది. మా వారి స్క్రీన్ మీద ఇప్పటికీ ఎక్కువగా కనిపించేవి పీడీఎఫ్ డ్రాయింగులే.

మా ఫిజిక్స్ లెక్చరర్ యూనిట్ రాయకపోతే సగం మార్కులు కోసేసేవారు. అప్పట్లో తిట్టుకున్నాం. 1999 సెప్టెంబర్‌లో నాసా మార్స్ క్లైమేట్ ఆర్బిటర్‌ను పోగొట్టుకుంది అలాంటి తప్పుకే. ఒకవైపు సాఫ్ట్‌వేర్ అంకెలను పౌండ్ల లెక్కలో ఇచ్చింది, రెండోవైపు వాళ్లు న్యూటన్లుగా తీసుకున్నారు. అంకె సరిగ్గానే చేరింది, అది దేని అంకో చేరలేదు.

అంతకన్నా పెద్ద దెబ్బ ఎయిర్‌బస్ ఏ380. ఒక్కో విమానంలో దాదాపు 530 కిలోమీటర్ల వైరు. హాంబర్గ్‌లో డిజైనర్లు కాటియా నాలుగో వెర్షన్ వాడారు, టూలూజ్‌లో అయిదోది. పేరు ఒకటే, లోపల రెండూ వేర్వేరు వ్యవస్థలు. హాంబర్గ్ నుంచి వచ్చిన వైర్ల కట్టలు టూలూజ్‌లో విమానంలోకి అమర్చబోతే పొడవు చాలలేదు, వంపులు కుదరలేదు. జర్మనీ నుంచి వందల మంది వెళ్లి చేత్తో సరిచేయాల్సి వచ్చింది. 2006 జూన్‌లో ఆలస్యం సంగతి బయటపడ్డ మర్నాడు మాతృసంస్థ షేరు ఒక్కరోజులో నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ఆ ఏడాదే ఎయిర్‌బస్‌కు ఇద్దరు సీఈఓలు వెళ్లిపోయారు. మొదటి విమానం సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కు చేరింది 2007 అక్టోబర్‌లో.

ఇంత పెద్ద వార్త కాని నష్టం రోజూ జరుగుతూనే ఉంటుంది. అమెరికా కార్ల పరిశ్రమలో సాఫ్ట్‌వేర్లు ఒకదానితో ఒకటి సరిగ్గా మాట్లాడుకోకపోవడం వల్ల ఏడాదికి కనీసం వంద కోట్ల డాలర్లు పోతున్నాయని ఎన్‌ఐఎస్‌టీ కోసం చేసిన అధ్యయనం 1999లోనే లెక్క తేల్చింది. మన దగ్గర జీఎం వాళ్లది ఎన్‌ఎక్స్, ఫోర్డ్ వాళ్లది కాటియా. ఇద్దరికీ భాగాలు సరఫరా చేసే చిన్న కంపెనీ రెండూ కొనాలి, రెండిట్లోనూ మనుషుల్ని పెట్టుకోవాలి. ఒకదాంట్లోంచి మూగ ముద్దగా వచ్చినదాన్ని ఇంకోదాంట్లో మళ్లీ మొదటి నుంచి కట్టాలి. ఆ కట్టే పనిలో ఎక్కువమంది ఎవరంటే మనవాళ్లే.

హైదరాబాద్‌లో ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్‌ను 1991లో బి.వి.ఆర్. మోహన్‌రెడ్డి మొదలుపెట్టారు. ఇప్పటి సైయెంట్ అదే. మ్యాపుల డిజిటైజేషన్ లాంటి పనితో మొదలై ప్రాట్ అండ్ విట్నీ విమాన ఇంజిన్ల డిజైన్ సేవల దాకా వెళ్లింది. ఆ దారిలో ఎన్నో కంపెనీలు వచ్చాయి. నోవై, కాంటన్, ట్రాయ్‌లలో గుడికి వచ్చే కుటుంబాల్లో ఈ పని తిండి పెట్టిన ఇళ్లు చాలా ఉన్నాయి. పాత డ్రాయింగు తీసుకుని మోడల్ కట్టే కుర్రాడు ‘ఈ రంధ్రం కోలగా ఎందుకుంది?’ అని అడిగాడా, అతను ఇంజనీరు అవుతాడు. అడగకుండా గంటకు ఇన్ని మోడళ్ల చొప్పున కట్టుకుంటూ పోయినవాడు మా టైలర్ గారే. ఏఐ ముందుగా తినేది ఈ రెండో పనినే అని నా అనుమానం.

ఎందుకంటే సాఫ్ట్‌వేర్ కంపెనీల చూపు ఇప్పుడు గీతల మీద లేదు, అర్థం మీద ఉంది. మా పక్కనే ట్రాయ్‌లో 1985లో పుట్టిన ఆల్టెయిర్‌ను సీమెన్స్ దాదాపు వెయ్యి కోట్ల డాలర్లకు కొనేసి 2025 మార్చిలో తనలో కలుపుకుంది. చిప్ డిజైన్ సాఫ్ట్‌వేర్ చేసే సినాప్సిస్ 2024లో 3,500 కోట్ల డాలర్లకు ఒప్పందం చేసుకుని 2025 జులైలో ఆన్సిస్‌ను తీసుకుంది. ఆకారం, బలం లెక్క, చిప్పు, తయారీ అన్నీ ఒకే తాడుకు కట్టాలన్నది వాళ్ల ఆలోచన. అది ఒకరి తాడే అయితే ధర వాళ్లు చెప్పిందే. ఏపీ242 లాంటి ఉమ్మడి ప్రమాణం గురించి నాకున్న పట్టింపు అందుకే. చట్టాలూ ఇటే వస్తున్నాయి. ఐరోపాలో అమ్మే ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీలకు 2027 ఫిబ్రవరి 18 నుంచి డిజిటల్ పాస్‌పోర్ట్ ఉండాలని అక్కడి చట్టం చెబుతోంది. అందులో ఏ పదార్థం, ఎంత కాలం మన్నిక లాంటి వివరాలు యంత్రం చదవగలిగేలా ఉండాలి.

ఏఐ డిజైన్ గురించి మాట్లాడేటప్పుడు అందరూ చూపించే బొమ్మ ఒకటుంది. 2018లో జీఎం, ఆటోడెస్క్ కలిసి చేసిన సీటు బ్రాకెట్. ఎనిమిది ముక్కల బదులు ఒకటే ముక్క, 40 శాతం తేలిక, 20 శాతం బలం. ఎముకలాగా వింతగా ఉంటుంది. దాన్ని కంప్యూటరే కనిపెట్టిందంటారు. నిజమే గానీ, ఎక్కడ బోల్టు పడాలి, ఎంత బరువు మోయాలి, ఏ చోటు ముట్టుకోకూడదు అన్నవి మనుషులు ముందు రాసిచ్చారు. ఆ రాయడం రానివాళ్ల చేతిలో ఇలాంటి సాఫ్ట్‌వేర్ అందమైన ఆకారాలు ఇస్తుంది. అవి పిన్నుల మీదికి ఎక్కుతాయా లేదా అన్నది వేరే సంగతి.

ఇక మా ఇంటి సంగతి. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్‌-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక, మనిషిని తెచ్చుకోవడం కన్నా పనినే బయటికి పంపడం మేలని లెక్కలు వేసుకునే కంపెనీలు ఉంటాయి. అంటే ఇలాంటి అప్పగింతలు ఇంకా పెరుగుతాయి. మా వారికి ఇచ్చిన జాబితాలో ఫైళ్ల పేర్లున్నాయి, ఫోల్డర్లున్నాయి, పాస్‌వర్డులున్నాయి. ఏ భాగం ఎందుకలా ఉందో రాయమని ఒక్క గడి కూడా లేదు.

మొన్న పాట్‌లక్‌లో ఈ మాట వస్తే ఒక అన్నయ్య గారు ‘‘అయితే ఇంకేం, అడగలేదుగా, చెప్పకండి. రేపు లైను ఆగితే వాళ్లే ఫోన్ చేస్తారు’’ అన్నారు. ఇంకో ఇద్దరు తలూపారు. తప్పుపట్టలేను. అర్థమంతా మోడల్లో రాసిపెట్టాక ఆ మనిషితో పనేముంది? సెమాంటిక్ మోడలింగ్ గురించి గొప్పగా చెప్పేవాళ్లెవరూ ఈ ప్రశ్న ఎత్తరు. పనివాడి బుర్రలో ఉన్నదాన్ని ఫైల్లోకి తీసుకోవడమే దాని ఉద్దేశం. దానికి ధర ఎంతో ఎవరూ చెప్పరు.

అయినా దాచుకోవడం వల్ల లాభం నాకు కనబడలేదు. తమకు ఏం తెలియదో తెలియని కంపెనీ దాని కోసం బేరానికి రాదు. బ్రాకెట్ ఎక్కకపోతే సుత్తి తెచ్చుకుంటుంది. అవతల ఫైలు అందుకునేవాడు పుణేలోనో హైదరాబాద్‌లోనో మా అక్క కొడుకు లాంటివాడే. తిట్లు తినేది వాడు. పైగా, ఏ కొలత ఎందుకో రాసి, యంత్రం చదివేలా మోడల్లో ముడివేయగలనని చూపించుకోగలిగితే తర్వాతి ఇంటర్వ్యూలో అదే చెప్పుకోవచ్చు. ఇది నా లెక్క. 60 రోజుల్లో ఈ లెక్క పనిచేస్తుందని ఎవరికీ హామీ ఇవ్వలేను, నాకు నేనే ఇచ్చుకోలేకపోతున్నాను.

మా అక్క కొడుక్కి వాళ్ల బాబాయి చివరికి చెప్పింది ఇది: సాఫ్ట్‌వేర్ ఏదైనా ఫర్వాలేదు, బటన్లు మూడు నెలల్లో వస్తాయి. ముందు జీడీ అండ్ టీ, అంటే కొలతల హద్దులు, ఆధార తలాలు రాసే భాష నేర్చుకో. ఒక్కసారైనా ఏదైనా వర్క్‌షాప్‌కు వెళ్లి నువ్వు గీసినదాన్ని తయారు చేయించి చేత్తో కొలువు. ఫీజు కట్టేముందు ఆ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక ప్రశ్న అడుగు: ‘రెండు పిన్నులుంటే ఒక రంధ్రం కోలగా ఎందుకు పెడతారు సార్?’

బుధవారం వాడు వాట్సాప్ చేశాడు. ‘‘అడిగాను పిన్నీ. అది సిలబస్‌లో లేదన్నారు. ఇంకో రెండు చోట్ల కనుక్కుంటున్నా.’’

ఇది రాస్తున్నప్పుడు రాత్రి పదకొండయింది. మా వారు ఒక్కో బ్రాకెట్ తెరిచి, ఎవరూ అడగని ఆ కారణాలు మోడల్లో నమోదు చేస్తున్నారు. ఇరవై మూడు అయ్యాయి, ఇంకా నలభై దాకా ఉన్నాయి. శుక్రవారం ఆఖరు.