అమ్మ చీరలోనుంచి పండుగ గౌను



వరి కుప్ప నూర్చకముందే, పత్తి డబ్బు చేతికి రాకముందే మన పల్లెల్లో క్రిస్మసు గుమ్మంలోకి వచ్చి నిలబడుతుంది. ఇంట్లో ముగ్గురు పిల్లలుంటే ముగ్గురికీ కొత్త బట్టలు కావాలి. వారం తిరగకుండానే కొత్త సంవత్సరపు ఆరాధన వస్తుంది, దానికి మరో జత. చేతిలో డబ్బు లేనివారు నూటికి మూడు రూపాయల వడ్డీకైనా తెస్తారు. ఆ గౌను రంగు వెలిసి, పాప ఎదిగి, గౌను పొట్టిదైపోయాక కూడా అప్పు మాత్రం ఇంట్లోనే ఉంటుంది. మన సంఘాల్లో తాగుడు మీద ప్రసంగాలు వింటాము, కట్నాల మీద వింటాము. పండుగ బట్టల అప్పు మీద విన్నది చాలా తక్కువ. పాస్టరుగారి ఇంట్లోనూ అదే ఇబ్బంది కావడం వల్ల కావచ్చు.

ఆ అప్పుకు బయలుదేరేముందు ఒక్కసారి ఇంట్లో ట్రంకుపెట్టె తెరవమని ఈ నెల మా మనవి. అందులో ఏముంటాయో మాకు తెలియనిది కాదు. ఒకసారి కట్టి దాచిన పెట్టుబడి చీర, కొంగు దగ్గర చిరిగిందని పక్కన పెట్టిన నూలు చీర, ఇంటాయనకు నడుము దగ్గర పట్టని ప్యాంట్లు, కాలరు అరిగిన చొక్కాలు ఉంటాయి. స్టీలు సామాన్ల మనిషి వీధిలోకి వస్తే ఇవన్నీ మూటగట్టి ఇచ్చి ఒక గిన్నె తీసుకుని మురిసిపోతాము. గిన్నె మంచిదే. కాని ఆ మూటలో ఇద్దరు పిల్లల పండుగ బట్టలు పోతున్నాయని లెక్క వేసుకోము.

“పాత గుడ్డతో పండుగకు కుడతారా? నలుగురూ ఏమనుకుంటారు?” అన్న మాట మీ నోటిదాకా వచ్చి ఉంటుంది. దానికి జవాబు హన్నా చెబుతుంది. ఏటేటా బలి అర్పించడానికి షిలోహుకు వెళ్ళినప్పుడు ఆమె తన సమూయేలుకు ఒక చిన్న అంగీ కుట్టి తీసుకువెళ్ళేదని 1 సమూయేలు 2:19లో చదువుతాము. ఆ గుడ్డ కొత్తదో పాతదో వాక్యము చెప్పలేదు. తల్లి చేతితో కుట్టినదని మాత్రం చెప్పింది. బిడ్డను చూసేది ఏడాదికి ఒక్కసారి. ఈ ఏడు ఎంత ఎదిగి ఉంటాడో, చేతులు ఎంత పొడవు వచ్చి ఉంటాయో ఊహించుకుంటూ కుట్టి ఉంటుంది. ఒంటికి సరిగ్గా సరిపోయిన బట్ట మీద పాతదన్న ముద్ర ఎవరికీ కనిపించదు. పెద్దవాళ్ళ చొక్కా మోకాళ్ళ దాకా వేలాడుతుంటేనే అది ఎవరిదో అడిగి వేసుకున్నారని తెలుస్తుంది. కనుక కొలత ముఖ్యము.

దొరల దేశంలో ఇలాంటివి ఉండవని కొందరు అనుకుంటారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్‌లో 1941 జూన్ 1 నుంచి బట్టలకు రేషను పెట్టారు. 1943లో పాత బట్టలు బాగుచేసుకునే పద్ధతులు నేర్పుతూ ప్రభుత్వమే ఒక చిన్న పుస్తకం అచ్చువేసింది. అక్కడి తల్లులూ పెద్దవాళ్ళ బట్టలు విప్పి పిల్లలకు కుట్టినవారే.

ఇక పనిలోకి వద్దాము. ముందుగా చీరను ఎండకు ఎదురుగా పట్టుకుని చూడండి. పల్చబడినచోట జల్లెడలాగా వెలుతురు కనిపిస్తుంది. తరువాత రెండు బొటనవేళ్ళ మధ్య గుడ్డను పట్టి పడుగు వైపు ఒకసారి, పేక వైపు ఒకసారి లాగండి. చిరచిరమంటే అది కుట్టడానికి పనికిరాదు, దాన్ని బొంతకు తీసిపెట్టండి. చీరలో ముందుగా అరిగేది కూర్చునేచోటు, మడమలకు రాసుకునే కింది అంచు, పిన్నీసు గుచ్చే భుజం దగ్గర. కుచ్చిళ్ళలో ఉండే భాగము, పైటలో ఎదకు అడ్డంగా వచ్చే భాగము చాలాకాలం గట్టిగా ఉంటాయి. కింది అంచు అరిగినా పై అంచు సాధారణంగా కొత్తదానిలాగే ఉంటుంది. అందుచేత లంగా కుట్టేటప్పుడు చీర పై అంచును లంగాకు కింద వచ్చేట్టు తిప్పుకోవాలి. ఇది చెప్పేదాకా చాలామందికి తోచదు.

ఎనిమిదేళ్ళ పాపకు నడుము నుంచి చీలమండ వరకు 28 అంగుళాలు వచ్చిందనుకోండి. నడుం పట్టీకి 1 అంగుళం, ఎదుగుదలకు 3 అంగుళాలు కలిపి 32 అంగుళాల ఎత్తు కత్తిరించాలి. ఆ 3 అంగుళాలను అంచుకు జానెడు పైన లోపలివైపు టక్కు వేసి దాచండి. వచ్చే ఏడు టక్కు విప్పితే లంగా మళ్ళీ సరిపోతుంది. చుట్టూ కుచ్చులకు రెండున్నర మీటర్ల గుడ్డ ఉంటే నిండుగా ఉంటుంది. చీర పన్నా సుమారు 45 అంగుళాలు గనుక పైన ఇంకా 13 అంగుళాల పట్టీ మిగులుతుంది. అందులో చిన్నపిల్ల జాకెట్టుకు ముందు భాగము, వెనుక భాగము, బుట్ట చేతులు వస్తాయి. చీర పొడవు ఐదున్నర మీటర్లు గనుక అరిగినచోట వదిలేసినా చెల్లెలికి ఒక గౌను మిగులుతుంది. అక్కచెల్లెళ్ళు ఇద్దరూ ఒకే అంచు బట్టలతో మందిరంలో పక్కపక్కన కూర్చుంటే ఎంత ముచ్చటగా ఉంటుందో చెప్పనక్కరలేదు.

గౌను మెడకు, చేతులకు లేసు పెడితే ముదురు వెలిసిన మరకలు కప్పుకుపోతాయి. నర్సాపురం, పాలకొల్లు వైపు సహోదరీలకు లేసు గురించి మేము చెప్పడం సాహసమే అవుతుంది. మిషనరీల కాలంలో నేర్చిన ఆ కుర్సు అల్లిక వారి చేతుల్లో ఇంకా ఉంది. మిగతావారు అదే చీర ముక్కతో సన్నని కుచ్చు వేసుకోవచ్చు.

పాత గుడ్డకు కొత్త గుడ్డను జతచేసేటప్పుడు ప్రభువు చెప్పిన ఉపమానము గుర్తుంచుకోండి. మార్కు 2:21లో మాసిక సంగతి ఆయన ఆత్మీయ విషయానికి చెప్పినా, దర్జీకి కూడా అక్షరాలా నిజము. కొత్త నూలు గుడ్డ మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది. పాతది ఇదివరకే కుంచించుకుని ఉంది. రెండూ కలిపి కుడితే ఉతికిన రోజున కొత్తది లాగుతుంది, పాతది చిరుగుతుంది. లోపలి గుడ్డ కొత్తది వేయదలచుకుంటే దాన్ని ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తెర పెట్టండి.

కుట్టు దగ్గరా ఒక జాగ్రత్త ఉంది. పాత గుడ్డ మీద మరీ దగ్గర కుట్లు వేస్తే సూది రంధ్రాల వెంబడే చిరుగుతుంది. మిషను మీద కుట్టు కొంచెం పొడవు పెట్టుకోండి. పల్చటి చీరలకు 11వ నంబరు సూది, ప్యాంటు గుడ్డకు 16వ నంబరు సూది వాడండి. దారము నూలుదైతే మేలు, గట్టి పాలిస్టరు దారము అరిగిన నూలు గుడ్డను కోసేస్తుంది. మిషను లేనివారు చేతితో ఒక అడుగు వెనక్కి, రెండడుగులు ముందుకు వేసే కుట్టు వేయండి, అది మిషను కుట్టుకు ఏమీ తీసిపోదు.

మగపిల్లలకు నాన్న ప్యాంటు ఉంది. మోకాళ్ళు, కూర్చునేచోటు అరిగినా పిక్కల దగ్గర గుడ్డ గట్టిగా ఉంటుంది. కుట్లు చింపకుండా బ్లేడుతో ఓపికగా విప్పండి. టెర్రీకాటన్ పైవైపు వెలిసిపోయినా లోపలివైపు రంగు ఇంకా నిండుగా కనిపిస్తుంది, దాన్నే పైకి తిప్పి నిక్కరు కుట్టండి. చొక్కాకు వీపు భాగము మేలైన గుడ్డ. ఇంకొకటి, చొక్కా ముందు గుండీల పట్టీని కాజాలతో సహా అలాగే ఉంచి, దాన్ని పాప గౌనుకు వీపు వైపు వచ్చేట్టు కత్తిరిస్తే కాజాలు కుట్టే పనే ఉండదు. జిప్పులు, హుక్కులు, గుండీలు ఒక పౌడరు డబ్బాలో దాచిపెట్టుకోండి.

బయట కొన్న పాత బట్టలో, ఎవరో ఇచ్చిన మూటలో వచ్చినవో అయితే గుడ్డ ఏదో ముందుగా తెలుసుకోండి. నాలుగు దారపు పోగులు లాగి, పొయ్యి దగ్గర కాకుండా వాకిట్లో, అగ్గిపుల్లతో అంటించి చూడండి. నూలు అయితే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద రాలుతుంది. పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది. పాలిస్టరు, నైలాను కరిగి గట్టి పూసలాగా ముద్దకడతాయి. నూలు బట్టలను వాషింగ్ సోడా వేసి ఉడకబెట్టి ఎండలో ఆరేయవచ్చు, పట్టును, పాలిస్టరును అలా ఉడకబెట్టకూడదు. ఈ పరీక్ష ఉతుకుడు కోసం మాత్రమే కాదు. క్రిస్మసు ముందు రాత్రి పిల్లల చేతికి కొవ్వొత్తులు ఇచ్చి వరుసగా నడిపిస్తాము. ఏ బట్టయినా అంటుకుంటుంది గాని, నైలాను నెట్టు, పాలిస్టరు కుచ్చులు కరిగి చర్మానికి అతుక్కుపోతాయి. ఆ రాత్రికి నూలు బట్ట వేయండి, చేతుల దగ్గర వదులు కుచ్చులు పెట్టకండి, పెద్దవారు ఒకరు పక్కనే నడవండి.

మన పిల్లల బట్టలు అయ్యాక సంఘంలోని పేదవారి సంగతి వస్తుంది. ఇక్కడ మేము కొంచెం కఠినంగా రాయవలసి ఉంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన, 1996 నవంబరు 6న కోనసీమ తుఫాను వంటివి వచ్చినప్పుడే కాదు, ఏటా క్రిస్మసుకు కూడా మనము పాత బట్టలు పోగుచేస్తాము. ఆ మూటలు విప్పే పాస్టరమ్మగారిని అడగండి, ఏమేమి వస్తాయో చెబుతారు. గుండీలు లేని చొక్కాలు, జిప్పు ఊడిన ప్యాంట్లు, ఉతకకుండా వేసిన లోబట్టలు. మనము కట్టుకోలేనిది ఇంకొకరు కట్టుకుంటారని ఎలా అనుకున్నామో తెలియదు. అంతకంటె బాధాకరమైనది పంచే పద్ధతి. పండుగ నాడు అందరి ముందు పేరు పెట్టి పిలిచి ఒక విధవరాలి చేతిలో పాత చీర పెడితే, ఆమె బిడ్డలు ఆ రోజంతా తల దించుకుని కూర్చుంటారు.

తబితా అలా చేయలేదు. యొప్పేలో ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడ్చుచు, ఆమె తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలను, వస్త్రములను పేతురుకు చూపించారని అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయములో ఉంది. తన ఇంట్లో పనికిరానివి తెచ్చి పడవేసినట్టు అక్కడ లేదు, ఆమె కుట్టింది. మన కాలంలో అంశు గుప్తా 1999లో ఢిల్లీలో ప్రారంభించిన గూంజ్ సంస్థ కూడా పాత బట్టను భిక్షగా చేతిలో పెట్టడం ఇష్టపడలేదు. ఊరివాళ్ళు కలిసి తమ ఊరికే దారి బాగుచేసుకుంటే, చెరువో బావో తవ్వుకుంటే, ఆ కష్టానికి ప్రతిఫలంగా బట్టలు ఇస్తారు. ఈ పనికే ఆయనకు 2015లో మెగసెసె అవార్డు వచ్చింది. ఆయన పట్టుకున్న సంగతి మన స్త్రీల సమాజాలు ఎప్పుడో పట్టుకోవలసినది.

మా సలహా ఇది. స్త్రీల కూటము జరిగే రోజుల్లో రెండు వారాలు ప్రార్థన అయ్యాక ఒక గంట కుట్టుకు ఇవ్వండి. ఎవరింట్లో మిషను ఉందో వారి వసారాలో కూర్చోండి. సాయము కావలసిన ఇంటి పిల్లలను విడిగా పిలిచి కొలతలు తీయకండి, సండేస్కూలు పిల్లలందరికీ కొలతలు తీయండి. అప్పుడు ఎవరి కోసం కుడుతున్నారో పిల్లలకు తెలియదు. ఆ తల్లిని కూడా కూటమికి పిలిచి కత్తెరో సూదో చేతికి ఇవ్వండి, తన బిడ్డ గౌను తానే కుట్టుకుంటుంది. తయారైనవి పండుగకు వారం ముందే, చీకటి పడ్డాక, ఇంటికి చేర్చండి. ఊళ్ళో దర్జీ అన్నయ్య ఉంటే కష్టమైన కటింగులు ఆయనకే ఇచ్చి కూలి పూర్తిగా చెల్లించండి. రెడీమేడు బట్టలు వచ్చాక ఆయన మిషను కూడా చాలా రోజులు ఖాళీగానే ఉంటోంది.

ముక్కలు పారేయకండి. యిర్మీయాను బురద గోతిలోనుంచి పైకి లాగేటప్పుడు కూషీయుడైన ఎబెద్మెలెకు తాళ్ళు మాత్రమే తేలేదు. రాజు ఇంట్లో పడి ఉన్న చింకి గుడ్డలు కూడా తెచ్చి, తాళ్ళు ఒరుసుకోకుండా చంకల కింద పెట్టుకోమన్నాడు. ఆ తొందరలో కూడా ఆయనకు ఆ సంగతి గుర్తుకు వచ్చింది. చిరిగిన చీరలు నాలుగు పొరలుగా పరిచి, అంచులు మడిచి, బెత్తెడు ఎడంతో దారము వేసుకుంటూ పోతే డిసెంబరు చలికి బొంత అవుతుంది. బాగా మెత్తబడిన తెల్ల నూలు గుడ్డ ఉంటే దానికి రంగు ముక్కలు కలపకండి. సంఘంలో కాన్పు దగ్గరపడిన ఆడపిల్ల ఎవరైనా ఉంటే, సోడాతో ఉడకబెట్టి, రెండుసార్లు మంచినీళ్ళలో జాడించి, ఎండబెట్టి, మడతపెట్టి పొత్తిగుడ్డలకు ఇవ్వండి.

చొక్కా కాలరు విప్పి, తిరగేసి కుట్టే పద్ధతి వచ్చే నెల రాస్తాము. అరిగిన చొక్కా ఒకటి పక్కన పెట్టుకోండి.