గంటలో ఊరు చూసేశాం!

క్రూజ్‌కి వెళ్ళొచ్చిన మనవాళ్ళని ఏం చూశారో అడగండి. ఊళ్ళ పేర్లు గడగడా ఒప్పజెప్పేస్తారు. కెనడాలో హాలిఫాక్స్ దగ్గర ఓడ ఆగిందంటే ఆ జాబితాలో పెగ్గీస్ కోవ్ ఉండాల్సిందే. నేనూ ఆ టూరు బస్సెక్కాను కాబట్టే ఈ గొడవంతా.

హాలిఫాక్స్ నుంచి నలభై కిలోమీటర్ల పైమాటే. అక్కడ మాకిచ్చింది సరిగ్గా గంట. ఇంక చూడండి పరుగులు! 1915లో కట్టిన లైట్‌హౌస్ ముందు ఫోటో, బాత్‌రూము దగ్గర క్యూ, ఫ్రిజ్‌కి అంటించడానికో బొమ్మ. అయిపోయింది... ఊరు చూసేశాం!

ఏం చూశాం? ఏడాది పొడుగునా అక్కడ కాపురముండేది పట్టుమని యాభైమంది కూడా ఉండరు. రేవులో పేర్చిన లాబ్‌స్టర్ బోనులు మన ఫోటోల కోసం పెట్టిన అలంకారం కాదు, వాళ్ళ బతుకుతెరువు. విలియం డిగార్త్ అనే శిల్పి ముప్ఫై మీటర్ల గ్రానైట్ బండ మీద ఈ జాలర్లనీ వాళ్ళ కుటుంబాలనీ చెక్కుతూ, పని పూర్తికాకుండానే 1983లో పోయాడు. 1998 సెప్టెంబరు 2 రాత్రి స్విస్ఎయిర్ 111 విమానం దగ్గర్లోనే సముద్రంలో కూలి 229 మంది చనిపోతే, ఈ తీరం జాలర్లు ఆ చీకట్లోనే పడవలేసుకుని వెతకడానికి వెళ్ళారు. వాళ్ళ స్మారకం దగ్గర మా బస్సు ఆగనేలేదు. టైము లేదట!

టైము లేకపోతే వచ్చే అసలు ప్రమాదం ఇంకోటుంది. నల్లటి రాళ్ళ మీదకి వెళ్ళద్దని అక్కడ బోర్డులున్నాయి. రాయి నల్లగా, తడిగా ఉందంటే అల అక్కడిదాకా వస్తోందని అర్థం. అలలకి కొట్టుకుపోయి చనిపోయినవాళ్ళున్నారు. అయినా 'ఒక్క ఫోటో' అంటూ దిగేవాళ్ళు దిగుతూనే ఉన్నారు. మీరు జారితే మీకోసం ఇంకొకరు ప్రాణాలకి తెగించి ఆ నీళ్ళలోకి వెళ్ళాలి. ఆ సంగతి ఫోటోలో పడదు.

"అమ్మానాన్నల్ని తీసుకెళ్ళడానికి క్రూజే సుఖం కదండీ" అంటారు. కాదనను. చక్రాల కుర్చీ కూడా వెళ్ళేలా 2021లో అక్కడ పెద్ద డెక్ కట్టారు. పెద్దవాళ్ళని దానిమీద తీరిగ్గా కూర్చోబెట్టండి. నా గొడవ క్రూజ్‌తో కాదు, ఆ గంటతో. ఒక్క పూటలో మూడు చోట్లు తిప్పే టూరు మానేసి, ఒక్క ఊరికే పూటంతా ఇచ్చేది కొనండి. మనం ఏది కొంటే కంపెనీలు అదే అమ్ముతాయి.

అంత ఓపిక లేదంటారా, హాయిగా ఓడలోనే ఉండండి. టీవీలో లైట్‌హౌస్ ఇంకా దగ్గరగా కనిపిస్తుంది, కాళ్ళూ తడవవు.