పాత పేరు - క్రొత్త సరకు



మా అనకాపల్లిలో బెల్లము కొనబోయిన యిల్లాలు ఊరిపేరు విని సంచి తెరువదు. చిన్నముక్క విరిచి రుచి చూచి, పిమ్మట బేరమాడును. చలనచిత్రముల విషయమున మాత్రము మనమీ జాగ్రత్తను మరచుచున్నాము.

మా పొరుగింట పండ్రెండేండ్ల బాలుడు కలడు. "హిట్" అను అపరాధ పరిశోధక చిత్రములలో మొదటిదానిని ఇంటనే చూచినాడు. 2025లో మూడవది రాగానే దానిని చూపుమని తల్లిని వేధింపసాగెను. పేరదియే గదా, చూచిన తప్పేమి యని వాని వాదము.

పేరదియే, నిజమే. 2020లో వచ్చిన మొదటిది హైదరాబాదున తప్పిపోయిన యువతిని వెదకు కథ. 2022 నాటి రెండవది మనకు చేరువనున్న విశాఖపట్టణమున నడచును. మూటికిని దర్శకులు శైలేష్ కొలనుగారే. మూటి నిర్మాణమునను వాల్‌పోస్టర్ సినిమా సంస్థ కలదు. పరిశోధకుడు మాత్రము మొదట విశ్వక్ సేన్, తరువాత అడివి శేష్, ఆపై నాని. మూడవదానికి లభించినది పెద్దలకు మాత్రమే యను ధ్రువపత్రము!

ఇచ్చట ఇల్లు నిలిచి మనిషి మారెను. మనిషి నిలిచి యిల్లు మారిన కథ అమెరికాలో కలదు. ఎర్ల్ డెర్ బిగ్గర్స్ అను రచయిత 1925 నాటి నవలలో చార్లీ చాన్ అను పరిశోధకుని సృష్టించెను. అతడు హొనొలులూ పోలీసుశాఖలోని చీనా జాతీయుడు, బహుకుటుంబీకుడు, మృదుభాషి. ఫాక్సు సంస్థ 1931 మొదలు ఈ పాత్రతో వరుసగా చిత్రములు తీసెను. నాయకుడగు వార్నర్ ఓలాండ్ 1938లో మరణింపగా సిడ్నీ టోలర్ ఆ వేషము ధరించెను. 1942లో ఫాక్సువారు చాలించుకొనిరి.

టోలర్ ఊరకుండలేదు. రచయిత 1933లోనే గతించెను. చిత్రముల హక్కు ఆయన భార్య చేతనుండెను. టోలర్ దానిని ఆమె యొద్ద కొని, మోనోగ్రాం అను చిన్న సంస్థలో 1944 నుండి తిరిగి చిత్రములు వెలువరించెను. భర్త వ్రాసిన వ్రాత భార్యకు ఆస్తియగుట మనము గమనింపదగిన సంగతి.

క్రొత్త యింట ధనము తక్కువ, హంగులును తగ్గెను. అయినను 1949 వరకు అచ్చట పదునేడు చిత్రములు వెలువడినవి. పాతలోపము మాత్రము వెంటనే వచ్చెను: చాన్ వేషము రెండు సంస్థలలోను తెల్లవారిదే, నిజమైన చీనా నటులకు కొడుకుల వేషములే దక్కినవి. ఇల్లు మారినంతనే గుణము మారదు, ఇల్లు మారనంతనే గుణము నిలువదు.

కావున పేరునుబట్టి గాక సరకునుబట్టి యెంచుకొనవలయును. ధ్రువపత్రము చదువుడు. కథ యెట్టిదో చూచినవారి నడుగుడు. పరిశోధకుని తెలివికి ప్రాధాన్యమా, రక్తపాతమునకా? హతులైనవారు మనుష్యులుగా కనబడుదురా, వట్టి శవములుగానా? ఈ మాత్రము విచారింప తల్లికి చదువెక్కువ యక్కరలేదు.

మా పొరుగింటి తల్లి కొడుకునకు ధ్రువపత్రము చూపి, "నీకు పదునెనిమిదేండ్లు నిండనిమ్ము, నేనే తీసికొనిపోయెదను" అనెను. వాడలిగి పగటి భోజనము మానెను. రాత్రికి తానే వచ్చి పీటమీద కూర్చుండెను.