ఒక్క ఫైటరూ కూలని రోజు

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఆ రోజు ఈ తీరంలో మన వైపు కూలిన ఫైటర్లు ఎన్ని? ఒక్కటీ లేదు. కూలడానికి అసలు పైకి లేచిందెక్కడ? ఎదుర్కోవడానికి ఇక్కడ ఒక్క ఫైటరూ లేదు. కూలిన వాటిని లెక్కపెట్టి ఎవరి విమానం గొప్పదో తేల్చేసేవాళ్లకు ముందు ఈ సున్నాను చూపించాలి.

అప్పట్లో విశాఖలో ఉన్నది భారత వైమానిక దళ వాలంటీర్ రిజర్వుకు చెందిన ఆరో నంబరు కోస్టల్ డిఫెన్స్ ఫ్లైట్. సముద్రం మీద ఓడలను కనిపెట్టి ఉండటం దాని పని. చేతిలో ఉన్నవేమో కాలం చెల్లిన విమానాలు. బాంబులేసినవి ర్యూజో అనే చిన్న విమాన వాహక నౌక మీంచి లేచి వచ్చాయి. ఆ నౌక ఉన్న జపాన్ అడ్మిరల్ ఒజావా దళం ఆ కొద్ది రోజుల్లోనే బంగాళాఖాతంలో ఇరవైకి పైగా సరుకు ఓడలను ముంచింది. పట్నం జనం మూటాముల్లే సర్దుకుని లోపలి ఊళ్ల దారి పట్టారు. విశాఖ నుంచి లోపలి ఊరైన చోడవరానికి గీత గీసినట్టు వెళితే ముప్పై అయిదు కిలోమీటర్లు. ఆనాటి బాంబరుకు ఎనిమిది నిమిషాల దూరం. జపాన్ వాళ్లు వేసినదని చెప్పే బాంబొకటి ఇప్పటికీ బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉంది.

సరిగ్గా ముందు రోజు, ఏప్రిల్ 5న, కొలంబో మీద జరిగిన పోరులో మాత్రం రెండు వైపులా ఫైటర్లున్నాయి. జపాన్ అడ్మిరల్ నగుమో అయిదు వాహక నౌకలతో వచ్చాడు. జపాన్ వైపు జీరో, బ్రిటిష్ వైపు హరికేన్. కాగితం మీద చూస్తే ఈ రెంటికీ పెద్ద తేడా లేదు. గరిష్ఠ వేగం రెండింటికీ గంటకు 530, 550 కిలోమీటర్ల మధ్యే. ఇంజిన్ బలం హరికేన్‌దే ఎక్కువ. పైలట్ వెనక ఉక్కు పలక, గుండు తగిలినా కారిపోని పెట్రోలు ట్యాంకు దానికున్నాయి, జీరోకు లేవు. అవి లేకపోవడం కూడా ఒక కారణంగా జీరో ఖాళీ బరువు హరికేన్ కంటే దాదాపు తొమ్మిది వందల కిలోలు తక్కువ. అందుకే అది చిన్న వలయంలో గిర్రున తిరిగి వెనక్కి చేరేది. ఒక్క దెబ్బ తగిలిందా, అంటుకునేది.

ఆ ఉదయం కొలంబో దగ్గరి రత్మలానా విమాన మైదానంలో హరికేన్లు ఇంకా నేల మీద ఉండగానే దాడి మొదలైంది. జపాన్ నౌకాదళం వస్తోందని ముందు రోజే కెనడా పైలట్ బర్చాల్ తన కాటలీనా విమానంలోంచి చూసి కబురు పంపాడు. ఆ వెంటనే జీరోలు అతణ్ని కూల్చాయి, జపాన్ వాళ్లు బందీగా పట్టుకుపోయారు. అంటే దాడి వస్తుందని తెలుసు. ఏ గంటకో తెలియలేదు. రాడార్ హెచ్చరిక అందలేదు. పైన శత్రువు ఉండగా కింద నుంచి ఎక్కుతున్న విమానం వేగాన్ని ఎత్తు కోసం ధారపోస్తూ ఉంటుంది, మలుపు తిరిగే సత్తువ కూడా ఉండదు. ఆ అయిదారు నిమిషాలు అది హరికేన్ అయినా ఒకటే, మరొకటైనా ఒకటే. బ్రిటిష్ వాళ్లకు అన్ని రకాలూ కలిపి పాతిక దాకా పోయాయి. జపాన్‌కు పోయినవి ఏడు, అందులో జీరో ఒక్కటే.

అయితే ఈ లెక్క అప్పట్లో ఎవరికీ తెలియదు. ఇరవైకి పైగా కూల్చామని బ్రిటిష్ వాళ్లు చెప్పుకున్నారు. జపాన్ వాళ్లు యాభై దాటించారు. అందులో స్పిట్‌ఫైర్లు కూడా ఉన్నాయి, సింహళంలో ఆ రోజు ఒక్క స్పిట్‌ఫైరూ లేకపోయినా! ఇదంతా అబద్ధమని కొట్టేయడం తేలిక. ఒకే విమానాన్ని ముగ్గురు కాలుస్తారు, ముగ్గురూ తమదే అనుకుంటారు. ఇంజిన్‌ను పూర్తిగా లాగించినప్పుడు వచ్చే నల్ల పొగ మంటలా కనిపిస్తుంది. మబ్బులోకి దూరింది మళ్లీ కనపడకపోతే కూలినట్టే. లండన్ మీద 1940 సెప్టెంబర్ 15న 185 జర్మన్ విమానాలు కూల్చామని బ్రిటిష్ వాళ్లు ప్రకటించారు. యుద్ధం అయ్యాక జర్మన్ రికార్డులు చూస్తే అవి అరవై దాకా తేలాయి. సొంత నేల మీద, శకలాలు పొలాల్లో పడి ఉండగానే లెక్క మూడు రెట్లయితే సముద్రం మీద చెప్పేదేముంది.

ముందుగా తెలిస్తే చాలా అంటే, అదీ కాదు. కొలంబో దాడి జరిగిన నాలుగు రోజుల తర్వాత సింహళంలోనే ట్రింకోమలీలో రాడార్ ముందే పట్టింది, హరికేన్లు పైకి చేరాయి. అయినా ఎనిమిది హరికేన్లు, మూడు ఫుల్మర్ ఫైటర్లు పోయాయి. జీరోతో వలయాలు తిరిగే పోరుకు దిగితే హరికేన్ గెలవదు. ఈ సంగతి బర్మాలో అమెరికన్ వాలంటీర్ దళాన్ని నడిపిన షెనాల్ట్ తన పైలట్లకు మొదటే నూరిపోశాడు: దానితో తిరగొద్దు, పై నుంచి దూకు, కాల్చు, దూసుకుపో. వాళ్లు ఎక్కువగా తలపడింది జీరోలతో కాదు, జపాన్ సైన్యం నడిపిన వేరే ఫైటర్లతో. ‘జీరోలను కూల్చాం’ అని వాళ్లు చెప్పుకున్నది చాలావరకు పేరు మారిన లెక్కే. సూత్రం మాత్రం పనిచేసింది.

వాళ్లు పోరాడిన రంగూన్ కథ మనకు మరీ దగ్గరిది. 1941 డిసెంబర్ 23న, మళ్లీ క్రిస్మస్ రోజున రంగూన్ మీద బాంబులు పడ్డాయి. మొదటి రోజే వెయ్యికి పైగా జనం పోయారు. రేవులో బరువులు మోసేవాళ్లలో ఉత్తరాంధ్ర నుంచి ఓడెక్కి వెళ్లినవాళ్లు ఎందరో. బర్మాలో వాళ్లను కొరంగీలనేవారు. అక్కడి మింగలాడన్ విమాన మైదానం నుంచి లేచిన పైలట్లు ఆ వారం గొప్పగానే పోరాడారు, వాళ్ల స్కోరు అమెరికా పత్రికల్లో మారుమోగింది. కింద రేవులో చచ్చిపోయిన కూలీలు ఏ స్కోరులోనూ లేరు. మార్చిలో రంగూన్ పడిపోయింది. మిగిలినవాళ్లలో చాలామంది కొండలు దాటి కాలినడకన వచ్చారు.

జీరో గుట్టు బయటపడిన తీరు ఇంకా విచిత్రం. విశాఖ మీదికి విమానాలను పంపిన ర్యూజో జూన్‌కల్లా అలాస్కా దాపుల్లోని అల్యూషన్ దీవుల దగ్గర ఉంది. డచ్ హార్బర్ దాడిలో దాని జీరో ఒకదానికి ఆయిలు గొట్టం తెగింది. పైలట్ కోగా అకుటాన్ దీవిలో పచ్చటి మైదానం చూసి దిగాడు. అది బురద. చక్రాలు కూరుకుపోయి విమానం తలకిందులైంది, అతను మెడ విరిగి చనిపోయాడు. విమానం శత్రువు చేతికి చిక్కకుండా తగలబెట్టాల్సింది తోటి పైలట్లే. మనిషి బతికున్నాడేమోనని వాళ్లు కాల్చలేకపోయారు. జూలైలో అమెరికన్లు దాన్ని కనిపెట్టి తీసుకుపోయి, బాగు చేసి, సెప్టెంబర్‌లో శాన్ డియాగోలో ఎగరేసి చూశారు. వేగం పెరిగితే రెక్కల చివరి పలకలు బిగుసుకుపోతాయి, కుడికి దొర్లడం కష్టం, ముక్కు గబుక్కున కిందికి తోస్తే ఇంజిన్ ఆగుతుంది. డిసెంబర్‌లో అజేయమైన విమానం సెప్టెంబర్‌కు మామూలు విమానమైంది. జీరోలో మర ఒక్కటీ మారలేదు, అవతలివాడికి దాని సంగతి తెలిసింది, అంతే. ర్యూజో అప్పటికే ఆగస్టులో సోలమన్ దీవుల దగ్గర మునిగిపోయింది.

పట్టికలు చూసి పందెం కాసేవాళ్లకు 1965 సెప్టెంబర్ 7 కూడా గుర్తుండాలి. పాకిస్తాన్‌లోని సర్గోధా వైమానిక స్థావరం మీద దాడికి వెళ్లిన మన మిస్టియర్ విమానం ధ్వని వేగాన్ని కూడా నిలకడగా అందుకోలేనిది. దాన్ని వెంటాడిన పాకిస్తాన్ స్టార్‌ఫైటర్ అంతకు రెండింతల వేగంతో పోగలది. నేలకు దగ్గరగా, మలుపులు తిరిగే పోరులోకి దిగేసరికి ఆ వేగం ఎందుకూ కొరగాలేదు. స్క్వాడ్రన్ లీడర్ దేవయ్య దాన్ని కూల్చి తానూ అక్కడే ప్రాణం వదిలాడు. ఆ సంగతి మనవాళ్లకు తెలియడానికి ఏళ్లు పట్టింది, అదీ పాకిస్తాన్ తరఫు కథనం రాసిన బ్రిటిష్ రచయిత పుస్తకం ద్వారా. మహావీర చక్ర 1988లో వచ్చింది.

ఇక 2025 మే నెలలో పాకిస్తాన్‌తో జరిగిన పోరు. రఫేల్ గొప్పదా, జె-10సి గొప్పదా అని టీవీల్లో వాదనలు ఇంకా ఆగలేదు. పాకిస్తాన్ మొదట అయిదు కూల్చామంది, తర్వాత ఆరంది. త్రివిధ దళాధిపతి అనిల్ చౌహాన్ మే 31న సింగపూర్‌లో మనకూ నష్టం జరిగిందని ఒప్పుకున్నారు. ఆరు అన్నది తప్పన్నారు, ఎన్ని అన్నది చెప్పలేదు, ఎందుకు కూలాయన్నదే ముఖ్యమన్నారు. ఆగస్టులో వాయుసేనాధిపతి ఎ.పి. సింగ్ అవతల అయిదు ఫైటర్లు, ఒక పెద్ద విమానం కూలాయని ప్రకటించారు. పాకిస్తాన్ కాదంది. కొలంబో లెక్కలు చదివినవాడు ఈ అంకెల్లో దేన్నీ ఇప్పుడే ఖాతాలో రాసుకోడు. సరిహద్దు దాటకుండా, కంటికి ఆనని దూరం నుంచి క్షిపణులు వేసుకునే పోరులో తేల్చేది విమానం ఒక్కటే కాదు. దాని వెనక ఆకాశంలో తిరిగే రాడార్ విమానం, ఒకదాని చూపును మరొకదానికి అందించే సమాచార బంధం, ‘ముందు ఎవరిని కొట్టొచ్చు, ఎవరిని కొట్టకూడదు’ అని పైలట్‌కు ఇచ్చిన ఆదేశం, అన్నీ కలిసి తేలుస్తాయి.

చౌహాన్ మాటే నాకు సబబుగా తోస్తోంది. అయితే ఆ ‘ఎందుకు’ కూడా ఎప్పటికైనా పార్లమెంటు ముందుకు రావాలి కదా. రక్షణ శాఖ రాయించుకున్న 1965 యుద్ధ చరిత్రే 1992లో పూర్తయినా ఏళ్ల తరబడి అధికారికంగా అచ్చు కాలేదు, ముందు పత్రికల చేతికి చిక్కి బయటికొచ్చింది.

మనకు మాత్రం అంతకంటే దగ్గరి ప్రశ్న ఒకటుంది. చోడవరానికి నేరుగా దక్షిణాన, రాంబిల్లి తీరంలో అణు జలాంతర్గాముల కోసం నౌకా స్థావరం కడుతున్నారు. విశాఖలో తూర్పు నౌకాదళం ఉండనే ఉంది. 1942లో గురి రేవు, ఇవాళ అంతకు ఎన్నో రెట్లు పెద్ద గురి. 2025 మే 7న పౌర రక్షణ డ్రిల్ విశాఖలో చేశారు, మంచిదే. రాంబిల్లి చుట్టూ ఉన్న మండలాల్లో సైరన్ ఎవరు మోగిస్తారు, రాడార్ చూసిన ఎన్ని నిమిషాలకు మోగుతుంది, జనం ఎక్కడికి పోవాలి అన్నవి అనకాపల్లి కలెక్టరేట్ నుంచి కాగితం మీద రావాలి. ఇందులో రక్షణ రహస్యమేమీ లేదు.