ఇల్లు పోయిన దోష మెవ్వరిది?

అప్పు చేసి యిల్లు కొన్నవాడు వాయిదాలు చెల్లింపలేక దానిని పోగొట్టుకొనెనని విన్నంతనే “తాహతు నెరుగక చేసినాడు, అనుభవించుచున్నాడు” అని తీర్పు చెప్పివేయుట లోకమున పరిపాటి. 2007వ సంవత్సరము మొదలుకొని అమెరికా సంయుక్తరాష్ట్రములలో తాకట్టు గృహములు వరుసగా వేలమునకు వచ్చినపుడును ఈ తీర్పే వినవచ్చినది. 2010వ సంవత్సర మొక్కదానిలోనే 28 లక్షలకు పైగా గృహములపై ఈ చర్య నడచినది. ఇన్ని లక్షల కుటుంబములు ఒక్కసారిగా వివేకము కోల్పోయినవని నమ్మువారు నమ్ముదురు గాక, మేము నమ్మజాలము.

పూర్వ మచ్చట అప్పిచ్చిన బ్యాంకు పత్రమును తన పెట్టెలోనే యుంచుకొనెడిది. ఋణస్థుడు చెడినచో తానును నష్టపడును గనుక, వాని జీతమెంత, సంసారమెంత, ఇంటి విలువ నిజమా కాదా యని విచారించి మరీ యిచ్చెడిది. క్రమముగా ఈ బంధము తెగినది. దళారి తన రుసుము పుచ్చుకొని తప్పుకొనును. అప్పిచ్చిన కంపెనీ ఆ పత్రమును న్యూయార్కు ధనవర్తకులకు అమ్మివేయును. వారు వేలకొలది పత్రములను మూటగట్టి, ఆ మూటలో వాటాలను దేశదేశములలో విక్రయింతురు. చేయి మారినపుడెల్ల ఒకరికి లాభము. ఋణస్థుడు అప్పు తీర్చునా లేదా యన్న చింత మాత్రము వీరిలో పెక్కుమందికి లేకపోయెను.

ఇట్టి సంతలో సరకు ఎట్టిదై యుండును? మొదటి 2 ఏండ్లు తక్కువ వడ్డీ, మిగిలిన 28 ఏండ్లు మారుచుండు వడ్డీ. ఆదాయమునకు రుజువే యడుగని అప్పులు సరేసరి. ఈ కడపటివానికి ఆ వర్తకమువారే “అబద్ధాల అప్పులు” అని ముద్దుపేరు పెట్టుకొనిరి! ఇండ్ల ధర పెరిగినంతకాలము పాత అప్పును క్రొత్త అప్పుతో తీర్చి కాలము గడపవచ్చును. 2006లో ధరలు నిలిచి, పిమ్మట పడిపోవుటతో ఆ తలుపు మూతపడినది. వెంటనే కొలువులును పోసాగినవి. 2009 అక్టోబరు నాటికి నిరుద్యోగము నూటికి 10. ఆదాయము దొంగలెక్కగా వ్రాసినవారు, లాభాశతో రెండుమూడిండ్లు కొన్నవారు ఋణస్థులలో లేరనము. వారిని వెనుకవేసికొని వచ్చుట మా పని కాదు. కాని అబద్ధ మాడినవాని దోషము పెద్దదై, అది అబద్ధమని తెలిసియు కొనుటకు అంగడి తెరచినవాని దోషము చిన్నదగునా?

ఇంతకంటెను మాకు విపరీతముగా తోచినది పత్రముల సంగతి. అమెరికాలో ప్రతి కౌంటీకిని ఒక రికార్డు కార్యాలయము కలదు. ఏ యిల్లు ఎవరిదో, ఎవరికి తనఖా పడినదో, ఎవ్వరైనను అందు చూచుకొనవచ్చును. తనఖా చేయి మారినపుడెల్ల రుసుము చెల్లించి వ్రాయించుట పాత మర్యాద. పత్రములను వేగముగా చేతులు మార్చువారికి ఈ మర్యాద బరువై తోచెను. 1995లో పెద్ద బ్యాంకులును, ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్ అను సంస్థలును ఇతరులతో గూడి మెర్స్ అను కంపెనీని స్థాపించిరి. కౌంటీ పుస్తకములో ఈ కంపెనీ పేరొక్కటే యుండును. అసలు హక్కుదారులు ఎన్నిసార్లు మారినను ఆ మార్పులన్నియు దాని కంప్యూటరులోనే నడచును. ఇట్లు సుమారు 6 కోట్ల అప్పులు దాని పేర నెక్కినవి. ప్రజల పుస్తకము మూగవోయినది. కష్టములోనున్న గృహస్థు “వాయిదా సడలింపు” డని యెవరి నడుగవలెను? వానికి ఉత్తరములు వ్రాయునది వసూలు కంపెనీ. అప్పు దానిది కాదు. వాయిదా తప్పినకొలది దానికి రుసుములు పెరుగును.

2010లో ఈ బండారము బయటపడినది. ఒక వసూలు సంస్థ ఉద్యోగి, తాను నెలకు సుమారు 10,000 పత్రములపై సంతకము చేయుచుంటినని ప్రమాణముచేసి చెప్పెను. “ఈ సంగతులు నాకు స్వయముగా తెలియును” అని యా పత్రములలో నుండును! మరుసటి యేట మసాచుసెట్సు ఉన్నత న్యాయస్థానము స్ప్రింగ్‌ఫీల్డు నగరమున రెండిండ్ల వేలములు చెల్లవని తీర్పు చెప్పినది. వేలము నాటికి తనఖా తమ చేతికి వచ్చినట్లు బ్యాంకులు చూపలేకపోయినవి.

“అప్పు నిజమే కదా, కాగితములో లోపమైన నేమి?” అని యడుగు పెద్దలున్నారు. ఋణస్థుడు ఒక్క సంతకము మరచిన ఈ యుదారత చూపుదురా? అప్పు తీరినపుడు పత్రమును చింపివేయవలెనని యాజ్ఞవల్క్యస్మృతి విధించినది. కొంత కొంత చెల్లించినచో ఆ పత్రము వెనుకనే వ్రాయవలె ననియు చెప్పినది. పత్రము ధనికుని యాయుధమే కాదు, ఋణికుని రక్షణయు నని ఆ స్మృతికర్త యెరుగును. పత్రము చూపలేనివాడు ఇల్లమ్మినచో, ఆ యిల్లు కొన్న మూడవ కుటుంబమునకును చిక్కే.

చికిత్స జరుగలేదా యందురేమో. జరిగినది, సగము. 2010 నాటి చట్టము ఋణస్థుని శక్తి విచారింపక అప్పీయరాదన్నది. పత్రములను మూటగట్టువాడు నష్టములో నూటికి 5 వంతులు తనయొద్దనే యుంచుకొనవలె నన్నది. 2014లో వచ్చిన నియమములు గృహఋణములలో అధికభాగమును ఈ రెండవ కట్టునుండి విడిచిపెట్టినవి! 2012లో అయిదు పెద్ద బ్యాంకులు 49 రాష్ట్రములతోను కేంద్రముతోను 2,500 కోట్ల డాలర్లకు రాజీపడినవి. అంతకంటె మేలైన పని ఆ దేశమే 1933లో చేసినది: ప్రభుత్వ సంస్థ యొకటి సుమారు 10 లక్షల గృహఋణములను తానే తీసికొని, దీర్ఘకాలపు వాయిదాలుగా మార్చి వ్రాసినది. మినహాయింపు లేకుండ నష్టములో వాటా అప్పిచ్చినవాని మెడకు కట్టవలెను. ప్రజల పుస్తకమున వ్రాయని బదిలీ చెల్లరాదు. అసలు నోటు న్యాయాధికారికి చూపక ఏ యింటికిని తాళము వేయరాదు. ఇవి అసాధ్యములని మేమొప్పము.

ఇది పరాయి కథ యని మనము నిశ్చింతగా నుండదగదు. మన 2002 నాటి చట్టముచే, 60 దినముల నోటీసు పిమ్మట దావా లేకుండగనే బ్యాంకు ఇంటిని స్వాధీనము చేసికొనవచ్చును. దస్తావేజులు బ్యాంకు చేతికిచ్చుటతోనే తనఖా యేర్పడు పద్ధతియు మనకు కలదు. దాని జ్ఞాపికను రిజిస్టరు చేయనిచో ఇ.సి.లో నది కనబడదు. అప్పు తీరిన 30 దినములలో దస్తావేజులు తిరిగి ఈయవలెననియు, ఆలస్యమైనచో దినమునకు 5,000 రూపాయలు చెల్లింపవలెననియు రిజర్వు బ్యాంకు 2023లో ఉత్తరువు చేసినది. మంచిదే, అట్టి యుత్తరువు అవసరమైనదనుటయే మాకు వింత.

ఆ యుత్తరువునకు రెండేండ్లు ముందు మా సహోపాధ్యాయు డొకడు తన యింటి అప్పు తుది వాయిదా చెల్లించి, బడిలో మాకందరకు మిఠాయి పంచిపెట్టెను. దస్తావేజులు వేరొక ఊరి గిడ్డంగిలో నున్నవని బ్యాంకువారు చెప్పిరి. ఎనిమిది నెలలకు కట్ట వచ్చినది. అందు వాని తండ్రి పేరిట నున్న పాత క్రయపత్రము లేదు. “పోనిండు, నకలు తీసికొనవచ్చు”నని అచ్చటి గుమాస్తా సెలవిచ్చెనట. ఆ సంగతి యింటిలో నింకను చెప్పలేదని మిత్రుడు మాతో ననెను.