కంప్యూటింగ్ సేవల రుసుము: తార్నాక పరిశోధకునిపై పడుతున్న భారం ఎంత?

హైదరాబాదు: ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం, దానిని ఆనుకొని ఉన్న తార్నాక, హబ్సిగూడ ప్రాంతాలు దేశంలోని ప్రధాన పరిశోధనా సముదాయాలలో ఒకటి. 1918లో ఏర్పడిన విశ్వవిద్యాలయం, 1944లో ఆరంభమై 1989 నుండి భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా వ్యవహరింపబడుతున్న ప్రయోగశాల, 1958లో కూనూరు నుండి తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ, 1961లో నెలకొన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, సి.సి.ఎం.బి. కొద్ది కిలోమీటర్ల పరిధిలోనే ఉన్నవి. ఔషధ అణువుల నమూనా మొదలు భూకంప తరంగాల విశ్లేషణ వరకు ఇక్కడి పనిలో గణనీయమైన భాగం నేడు కంప్యూటర్‌పైననే సాగుతున్నది. ఆ కంప్యూటర్ వాడకానికి రుసుము ఎవరు, ఏ పద్దు నుండి చెల్లించవలె అన్నది పరిశీలించదగిన విషయం.

పరికరాల వాడకానికి రుసుము వసూలు చేయుట పరిశోధనాలయాలలో కొత్త కాదు. సాధారణంగా సొంత విద్యార్థులకు ఒక ధర, ఇతర విద్యాసంస్థలకు మరొకటి, పరిశ్రమలకు వేరొకటి ఉంటుంది. అయితే ప్రయోగశాలలో నమూనా పరీక్షకు, గణనకు పోలిక లేదు. నమూనా ఒకసారి ఇచ్చిన ఫలితం వస్తుంది. గణన మాత్రం పలుమార్లు విఫలమై, సరిచేయబడి, మరల మొదలవుతుంది. విఫలమైన గంటలకు కూడా మీటరు తిరుగుతూనే ఉంటుంది. సిద్ధాంత వ్యాసం సమర్పించిన తరువాతనూ దత్తాంశాన్ని భద్రపరచవలసి ఉన్నందున నిల్వ రుసుము ఆగదు.

అంకెలు చూచినచో విషయం తేటపడుతుంది. 2023 జనవరి నుండి జూనియర్ పరిశోధక వేతనం నెలకు 37,000 రూపాయలు. సి.ఎస్.ఐ.ఆర్. ఫెలోలకు ఏటా లభించే ఆకస్మిక వ్యయ నిధి 20,000 రూపాయలు. రసాయనాలు, ప్రయాణాలు, పుస్తకాలు అన్నీ అందులోనే. 2024 మార్చిలో ఆమోదం పొందిన ఇండియా ఎ.ఐ. మిషన్ క్రింద 2025లో ప్రకటించిన రాయితీ ధర ఒక్కొక్క జి.పి.యు.కు గంటకు సగటున 65 రూపాయలు. ఇది బయటి మార్కెట్ కంటే చాలా తక్కువ. అయినప్పటికీ నిధి మొత్తం దీనికే వెచ్చించినా ఒక్క జి.పి.యు. సుమారు 307 గంటలు, అనగా పదమూడు రోజులకు లోపే నడుస్తుంది.

అట్లని రుసుము వలదనుట కూడా సమంజసం కాదు. పది కిలోవాట్ల భారంతో నిరంతరం నడిచే చిన్న గణన కేంద్రం ఏడాదికి 87,600 యూనిట్లు వినియోగిస్తుంది. యూనిట్ ఎనిమిది రూపాయలు అనుకుంటే ఏడు లక్షలు దాటుతుంది. శీతలీకరణ, వార్షిక నిర్వహణ ఒప్పందం, వ్యవస్థను కనిపెట్టుకొని ఉండే సిబ్బంది వేతనం దానికి అదనం. యంత్రం కొనుటకు గ్రాంటు లభించుట సులభం. దానిని ఐదేళ్లు నడుపుటకు లభించుట కష్టం. రుసుము విధానానికి మూలం ఇక్కడనే ఉన్నదనుట సబబు.

2015లో ఆమోదించిన జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ (4,500 కోట్ల రూపాయలు) క్రింద 2025 మార్చి నాటికి 34 యంత్రాలు, 35 పెటాఫ్లాప్స్ సామర్థ్యం సమకూరినవి. వాటిలో 838 టెరాఫ్లాప్స్ సామర్థ్యం గల పరమ్ సేవ కంది వద్ద ఐ.ఐ.టి. హైదరాబాదులో ఉన్నది. తార్నాక విద్యార్థికి అది నగరానికి ఆవలి అంచు. దూరం తంతితో తీరునదే. సాఫ్ట్‌వేర్‌ను అమర్చి, లోపం చూపి, పని నడిపించే మనిషి సహాయం మాత్రం దగ్గరలో ఉండవలె. రుసుము పట్టికలలో చాలవరకు తక్కువగా లెక్కకు వచ్చేది ఈ మనిషి గంటలే.

పన్ను సంగతి వేరు. 2024 సెప్టెంబరు 9న జరిగిన 54వ జి.ఎస్.టి. మండలి సమావేశం విశ్వవిద్యాలయాలు, పరిశోధనా కేంద్రాలు పొందే పరిశోధనా గ్రాంట్లను మినహాయించాలని సిఫారసు చేసినది. ఆ సిఫారసు గ్రాంట్లకు సంబంధించినది. ఒక సంస్థ పొరుగు సంస్థకు సేవ చేసి ఇచ్చే రసీదుపై సాంకేతిక సేవలకు సాధారణంగా వర్తించే 18 శాతం పడినచో, పై 20,000 రూపాయలలో సుమారు 3,050 పన్నుకే పోవును. గంటలు 260కి తగ్గును.