"అమ్మిన సరుకు వాపస్ తీసుకోము": ఈ మాట మన ప్యాకెట్ల మీద వద్దు



పై వీడియోలో విత్తన సంచి లేబుల్ ఎట్ల చదవాలో, మొలక పరీక్ష ఎట్ల చేసుకోవాలో చూపించాను. వీడియోలో టైం సరిపోక చెప్పని ఒక ముఖ్యమైన మాట ఇక్కడ రాస్తున్నాను. అది సరుకు వాపస్ గురించి.

మా స్టేషన్ ఘన్‌పూర్ దిక్కు వానాకాలం మొదలైతే విత్తన దుకాణాల ముందు నిలబడని రైతు ఉండడు. బిల్లు కింద చిన్న అక్షరాలతో "ఒకసారి అమ్మిన సరుకు వాపస్ తీసుకోబడదు" అని రాసి ఉంటే, అదే చట్టం అనుకుని చాలామంది ఊరుకుంటారు. అది చట్టం కాదు, దుకాణం వాళ్ల మాట మాత్రమే.

వినియోగదారుల రక్షణ చట్టం 2019 మన దేశంలో 2020 జూలై నుంచి అమలులో ఉంది. లోపం ఉన్న సరుకును వాపస్ తీసుకోకపోవడం, బిల్లులో రాసిన గడువులోగా డబ్బు తిరిగి ఇవ్వకపోవడం అక్రమ వ్యాపార పద్ధతి అని అందులో ఉంది. బిల్లు మీద గడువు రాయకపోతే 30 రోజులు లెక్క. బిల్లు ఇవ్వకపోవడం కూడా తప్పే. విత్తనాల నియంత్రణ ఉత్తర్వు 1983 ప్రకారం కూడా డీలరు కొన్నవారికి బిల్లు ఇవ్వాల్సిందే.

ఇక్కడ ఒక తేడా గమనించండి. సరుకులో లోపం ఉంటే వాపస్ మన హక్కు. మనసు మారి "నాకు ఈ రకం వద్దు, వేరేది కావాలి" అంటే మాత్రం అది దుకాణదారు ఇష్టం. సీలు తీసిన విత్తన సంచిని ఆయన ఇంకొకరికి అమ్మలేడు కదా. కాబట్టి మనం కొనేటప్పుడే అడగాలి. ముఖ్యంగా ప్రకృతి సేద్యం చేసేవాళ్లం మందు పట్టించిన విత్తనం వాడము. మందు పట్టించిన సంచి మీద ఆ సంగతి రాసి ఉంటది. అది చదవకుండా ఇంటికి తెచ్చి, సీలు చించి, రంగు చూసి వాపస్ పొమ్మంటే గొడవే అయితది. ట్రైకోడెర్మా, సూడోమోనాస్ లాంటివి కొన్నప్పుడు కూడా తయారీ తేదీ, గడువు తేదీ చూడాలి. రేకుల షెడ్డు కింద ఎండకు ఉడికిన ప్యాకెట్‌లో సూక్ష్మజీవులు బతికి ఉండవు.

"రైతు వినియోగదారుడు కాదు, విత్తనం కొన్నది వ్యాపారం కోసం" అని కంపెనీలు వాదించిన కాలం ఉంది. ఆ వాదన సుప్రీంకోర్టులో నిలబడలేదు. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్, మధుసూదన్ రెడ్డి కేసులో 2012 జనవరిలో తీర్పు వచ్చింది. కేసు వేసినవాళ్లు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులే. రైతు కూడా వినియోగదారుడే, విత్తన చట్టం ఉన్నంత మాత్రాన వినియోగదారుల కోర్టు తలుపు మూసుకోదు అని కోర్టు చెప్పింది. కొన్న విత్తనమంతా పొలంలో వేసే రైతు పరీక్ష కోసం కొంత దాచిపెట్టాలని ఆశించడం సరికాదని కూడా అన్నది.

అట్లని కోర్టు మీదనే భారం వేయొద్దు. పైసలు వాపస్ వస్తయి గానీ అదును వాపస్ రాదు. విత్తే ముందు 100 గింజలు తడి గోనెపట్టాలో కట్టి చూడండి. వరికి కనీస మొలక శాతం 80. అంతకంటే బాగా తక్కువ వస్తే ఫోటో తీసి, సంచి, లేబుల్, బిల్లు పట్టుకుని విత్తక ముందే దుకాణానికి పోండి. మాట వినకపోతే మండల వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. జిల్లా కమిషన్‌లో కొన్న విలువ 5 లక్షల దాకా ఫీజు లేదు, గడువు రెండేళ్లు, మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు.

ఇగ నా అసలు మాట. ఇదంతా మనం కొనేటప్పటి సంగతి. మనం అమ్మేటప్పుడు ఏం చేస్తున్నాం? విత్తన దుకాణం మీద కోపం తెచ్చుకునే మనలోనే కొందరు బియ్యం, పప్పు ప్యాకెట్ల మీద "నో రిటర్న్" అని అచ్చు వేయిస్తున్నారు. మనం సంచి కట్టి, పేరు వేసి అమ్మితే చట్టం ముందు మనమూ అమ్మకందారులమే. తినే సరుకు కూడా ఈ చట్టం కిందికే వస్తది.

"పురుగు పట్టిందంటే మందు లేదన్నట్టే, అదే స్వచ్ఛతకు గుర్తు" అని కొనేవాళ్లకు చెప్పడం నాకు నచ్చదు. అందులో నిజం సగమే. పాలిష్ పట్టని బియ్యం తవుడుతో ఉంటది కాబట్టి తొందరగా పాడవుతది. ఆ సంగతి ముందే చెప్పి, మర పట్టిన తేదీ సంచి మీద వేయడం మన బాధ్యత. పురుగు పట్టిన బియ్యానికి 80 రూపాయల చొప్పున తీసుకుని, పైన నీతి చెప్పడం న్యాయం కాదు.

"చిన్న రైతుకు వాపస్ భరించే శక్తి ఎక్కడిది?" అని అడుగుతారు. లెక్క వేద్దాం. 25 కిలోల సంచులు 20 అమ్మామనుకోండి. కిలో 80 చొప్పున 40,000. అందులో ఒక సంచి మొత్తంగా వాపస్ వస్తే 2,000 పోతది. 500 కిలోల మీద పంచితే కిలోకు 4 రూపాయలు. ఆ బియ్యం జల్లించి కోళ్లకు, పశువులకు వాడుకుంటే ఇంకా తక్కువే. ఒక మంచి గిరాకీని పోగొట్టుకున్న నష్టం కంటే ఇది చిన్నది.

మరి మోసం చేసేవాళ్లు రారా అంటే, వస్తారు. అందుకే షరతులు ముందే స్పష్టంగా రాయాలి. నేను పెట్టుకున్న పద్ధతి ఇది: సరుకు అందిన 15 రోజుల్లో చెప్పాలి, ఫోటో పంపాలి, వాడింది రెండు కిలోలు దాటొద్దు. లోపం మనదైతే రవాణా ఖర్చు కూడా మనదే. డబ్బా, వేరే సరుకు అని తిప్పించుకోకుండా పైసలే ఇవ్వాలి.

రసాయనం వాడలేదన్న సంగతి కంటితో చూస్తే తెలిసేది కాదు. కొనేవాళ్లు మన మాట నమ్మి రెండు పైసలు ఎక్కువ ఇస్తున్నారు. ఆ మాట మీద మనకు నిజంగా ధీమా ఉంటే, వాపస్ ఇస్తామని సంచి మీద రాయడానికి భయం ఎందుకు?

మీ సంచుల మీద ఏం రాసి ఉందో ఈ రోజు ఒకసారి చూడండి. వాపస్ షరతులు లేకపోతే రాయించండి. "తీసుకోము" అని ఉంటే తీసేయించండి.